చెంచురామయ్య గారి ఇంగ్లండు డొంక

చెంచురామయ్య ఇంగ్లండు వెళ్ళింది పొగాకు రైతుల బృందంతో. తిరిగొచ్చింది మాత్రం సైకిల్ హెల్మెట్‌తో. ఆయనకు సైకిల్ తొక్కడం రాదు. ఎక్కడికి వెళ్ళాలన్నా టీ కొట్టు సుభానీ మోపెడ్ వెనక ఎక్కాల్సిందే. అయినా సరే, గడ్డం కింద పట్టీ బిగించుకుని, ఆ ఎర్ర హెల్మెట్‌తోనే ఎక్కేవాడు. దిగాక కూడా తీసేవాడు కాదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, మూడు వారాల ఇంగ్లండును నెలల తరబడి చెప్పేవాడు.

లక్ష్మీదుర్గ ఇల్లు ఆ కొట్టుకు ఎదురుగానే. నలుగురిలో నోరు విప్పాలంటే ఆ పిల్లకు ప్రాణం మీదికి వచ్చేది కానీ, తలుపు చాటున నిలబడి వినడానికి ఏ ఇబ్బందీ లేదు.

"అక్కడ సైకిళ్ళకని వేరే దారులుంటాయి. లారీ రాదు, బస్సు రాదు, హారన్ వినపడదు. రెండు పక్కలా పచ్చటి కంచెలు, గొర్రెలు, వాగు మీద రాతి వంతెన. మొగుడూ పెళ్ళాం చెరో సైకిలెక్కి రోజంతా తొక్కుతారు."

"ఎక్కడికెళతారండీ?" అన్నాడు సుభానీ.

"ఎక్కడికీ వెళ్ళరు. సాయంత్రానికి బయల్దేరిన చోటికే వస్తారు."

"ఏం పోగొట్టుకున్నారంట?"

"ప్రశాంతత కోసం తొక్కుతార్రా! నీకేం తెలుసు?"

అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న లక్ష్మీదుర్గ నానమ్మ వెంకటరావమ్మ తలెత్తింది. "ఒరేయ్ చెంచూ, అంతంత రోడ్లేసుకుని వాటి మీద ఏం ఎండబెడతారురా?"

"ఏమీ ఎండబెట్టరు పిన్నీ."

"ఏమీనా?" ఆవిడ నమ్మలేకపోయింది. "ఖాళీగా వదిలేస్తారా! ఏమీ పండదేమో పాపం."

అందరూ నవ్వారు. చెంచురామయ్య నవ్వలేదు. మన ఊళ్ళోనూ అలాంటి దారి వేయించి చూపిస్తానన్నాడు. పెద్ద రోడ్డు ఎలాగూ లారీలది. అందుకని ఆయన కన్ను డొంక మీద పడింది.

డొంక అంటే పత్తి చేలకూ మిరప చేలకూ మధ్య బండ్లు నడిచే పల్లపు దారి. ఈ ఊరి నుంచి హైస్కూలున్న పక్క ఊరి దాకా పోతుంది. వానొస్తే నల్లరేగడి చక్రాలకు పట్టుకుని వదలదు. పుల్లతో గీకి గీకి తోసుకుపోవాలి. ఆ దారిన రోజూ సైకిల్ మీద వెళ్ళేది ఊరంతటిలో ఒక్క లక్ష్మీదుర్గే. మిగతా పిల్లలు పెద్ద రోడ్డు మీద ఆటోలో వేలాడుతూ వెళ్ళేవారు. కిందటేడు మిర్చి లారీ గాలికే ఆ పిల్ల సైకిల్‌తో సహా రోడ్డు పక్క గుంటలో పడింది. ఆ రోజే వాళ్ళ నాన్న పేరయ్య తేల్చి చెప్పేశాడు.

"డొంకలో వెళితే చదువు. డొంక లేకపోతే చదువూ లేదు. పెద్ద రోడ్డెక్కావంటే సైకిల్ అమ్మేస్తా."

పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉన్నాయి.

చెంచురామయ్య మాటల మనిషే అనుకున్నవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. సంక్రాంతి వెళ్ళేలోపే డొంకలో గ్రావెల్ పడింది, రోలర్ తిరిగింది. ఇంగ్లండులో ఉంటాయట, ఈ చివర ఒక చెక్క గేటు, ఆ చివర ఒక చెక్క గేటు లేచాయి. బండ్లు చుట్టూ తిరిగి వెళ్ళాలి, గేదెలు లోపలికి రాకూడదు. 'ప్రశాంత సైకిల్ విహార మార్గము' అని బోర్డు కూడా రాయించాడు.

కొన్నాళ్ళు ఆ దారి లక్ష్మీదుర్గదే అయింది. చేయి తగిలితే పాడవుతుందేమో అన్నంత నున్నగా ఉంది. పత్తి చేల మీదుగా వచ్చే గాలి ముఖానికి తగులుతుంటే, ఎవరూ లేరు కదా అని పాఠం గట్టిగా అప్పజెప్పుకుంటూ తొక్కేది. చెంచురామయ్య పెదనాన్న తన కోసమే వేయించాడేమో అనిపించి, ఆయన హెల్మెట్‌ను చూసి నవ్వినందుకు కాస్త సిగ్గుపడింది కూడా.

తర్వాత మిరప కోతలు మొదలయ్యాయి.

రాళ్ళు లేని నేల, బండి రాదు, గేదె రాదు, పైగా రెండు వైపులా గేట్లు. కాయలు ఆరబోసుకోవడానికి ఇంతకంటే మంచి కల్లం జిల్లాలో ఎక్కడుంటుంది? ఆ సంగతి మొదట కనిపెట్టినవాడు చెంచురామయ్యే. "మావి నాలుగు కాయలే" అంటూ గేటు దగ్గర పోయించాడు. మర్నాడు ఆయన పక్కన యలమంద పోశాడు. ఆ పక్కన ఇమ్మానియేలు. వారం తిరిగేసరికి ఈ గేటు నుంచి ఆ గేటు దాకా అంచులు కూడా వదలకుండా డొంకంతా ఎర్రబడింది. మధ్యలో ఒక ముక్క పేరయ్యది.

లక్ష్మీదుర్గ గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడింది. ఇంటికి తిరిగొచ్చి, మంచినీళ్ళు తాగి, గుండె చిక్కబట్టుకుని చెంచురామయ్య ఇంటికి వెళ్ళింది.

"పెదనాన్నా... సైకిలూ..."

"సైకిళ్ళకేగా అమ్మా వేయించింది! కాయలెత్తగానే హాయిగా తొక్కుకో."

"ఎప్పుడెత్తుతారు?"

"రెండో కోత కూడా ఆరాలి కదా."

"పరీక్షలు..."

"పెద్ద రోడ్డుందిగా! ప్రభుత్వం ఎందుకు వేసిందనుకున్నావ్?"

నాన్న దగ్గరికి వెళితే ఆయన కాయలు తిరగేస్తూనే అన్నాడు. "మన కాయలు ఎత్తినంత మాత్రాన దారొస్తుందా? వాళ్ళందరూ ఎత్తాలి. రాసి పెట్టి లేదనుకో. రేపట్నించి రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి రా."

ఇంతలో డొంక ప్రారంభోత్సవానికి గుంటూరు నుంచి ఒక ఆఫీసరు వస్తున్నాడన్నారు. సరిగ్గా మొదటి పరీక్ష రోజు పొద్దున. లక్ష్మీదుర్గ తెల్లవారకముందే లేచి తల దువ్వుకుంది. హాల్ టికెట్ జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. వెళ్ళడానికి దారి లేకపోయినా సైకిల్ తోసుకుంటూ గేటు దాకా వెళ్ళింది.

అక్కడ షామియానా, మైకు, గేటుకు కట్టిన రిబ్బను. ఆఫీసరు రిబ్బను కత్తిరించి, డొంక వైపు చూసి మురిసిపోయాడు. "ఎర్ర తివాచీ పరిచారండీ!" అన్నాడు. ఎవరూ కాదనలేదు. చెంచురామయ్య హెల్మెట్ సర్దుకుని ప్రశాంతత గురించి మాట్లాడాడు. లౌడ్ స్పీకర్ చప్పుడుకు పక్క చేలో కొంగలు లేచిపోయాయి.

ఫొటో తీసేవాడికి అనుమానం వచ్చింది. "మరి సైకిలేదండీ?"

అందరూ అటూ ఇటూ చూశారు. సైకిల్ మార్గానికి సైకిల్ తేవాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చివరికి చెంచురామయ్య కళ్ళు లక్ష్మీదుర్గ మీద పడ్డాయి.

"అమ్మాయ్, రా! సైకిల్ పట్టుకుని గేట్లో నిలబడు. ఊరికే నిలబడితే చాలు."

ఆఫీసరు నవ్వాడు. "నిలబడటమేమిటి? తొక్కమ్మా, తొక్కు."

లక్ష్మీదుర్గ ఆయన వంక చూసింది. పెదనాన్న వంక చూసింది. పెద్దవాళ్ళు చెబితే వినాలని చిన్నప్పటి నుంచీ అందరూ చెప్పిన మాటే కదా. సైకిలెక్కింది.

ముందు చక్రం కింద కాయలు పటపటమన్నాయి. "ఏయ్! ఏయ్! దిగు!" అన్నాడు చెంచురామయ్య. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉండటంతో అది పక్క ఊరి దాకా వినపడింది. ఆయన కాయలు దాటింది. యలమందవి, ఇమ్మానియేలువి దాటింది. వెనక నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు కానీ, లేచిన ఘాటుకు తుమ్ములు అందుకున్నాయి. షామియానా కింద ఆఫీసరు తుమ్మాడు, ఫొటో తీసేవాడు తుమ్మాడు, మైకు కూడా తుమ్మినట్టే వినపడింది. ముందు నాన్న కాయలు కనపడ్డాయి. రాత్రి తాను ఏరినవే. అక్కడ లక్ష్మీదుర్గ హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. తిప్పలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే అవతలి గేటు తీసి, బయటికి వెళ్ళి, ఇంగ్లండు పద్ధతిలో మళ్ళీ వేసి, పరీక్ష హాలుకు వెళ్ళింది.

పరీక్ష రాసినంతసేపూ తుమ్ముతూనే ఉంది. ఇన్విజిలేటరు జలుబనుకున్నాడు.

మధ్యాహ్నం తిరుగుదారి పట్టింది. విరిగిన కాయను మిర్చి యార్డులో ఎవరూ ముట్టరు. ఇంటికెళితే వీపు పగులుతుంది. భయపడుతూనే గేటు తీసింది.

కాయల మధ్య నుంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక సన్నటి బాట ఉంది. చీపుళ్ళతో ఊడ్చి మరీ వదిలారు. జానెడు ఉంటుందేమో. అటూ ఇటూ రాళ్ళు పేర్చి, సైకిల్ దాటి బయటికి పోకుండా కట్టు కూడా కట్టారు. మధ్యలో పేరయ్య గొంతుక్కూర్చుని చితికిన కాయలు వేరు చేస్తున్నాడు. కూతురు దగ్గరికొచ్చినా తల ఎత్తలేదు.

"రేపు కూడా పరీక్ష ఉందా?"

"ఉంది నాన్నా. ఇంకా చాలా ఉన్నాయి."

"చక్రం తిన్నగా పోనివ్వు, చాలు."

సాయంత్రం టీ కొట్టు దగ్గర చెంచురామయ్య హెల్మెట్ మళ్ళీ కనపడింది. ముక్కు ఎర్రగా ఉంది.

"ఇంగ్లండులో కూడా అంతేరా," అంటున్నాడు సుభానీతో. "సైకిల్ దారంటే సరిగ్గా జానెడే."

వెంకటరావమ్మ అరుగు మీంచి అడిగింది. "మరి అటూ ఇటూ ఏం ఎండబెడతారురా చెంచూ?"