మందుల పట్టీ తెరుచుకోని ఉదయం

"అవూర్, ముందు బోర్డువాళ్లకి టీ పోసి రా. కంప్యూటర్లు ఎక్కడికీ పారిపోవు," అన్నాడు మా మేనేజర్ ఒడోంగో.

కెన్యాలో, కిసుములోని ఈ ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసేది నేను. టీ ఫ్లాస్కు, వేయించిన మండాజీ బూరెల పళ్లెం మోసేదీ నేనే. ఇంట్లోనూ అంతే. "యంత్రాల అడ్రసులన్నీ నోటికొచ్చు, నా చొక్కా ఎక్కడుందో మాత్రం తెలీదు," అని పొద్దున మా ఆయన నవ్వాడు. అత్తగారూ నవ్వింది. ఆ చొక్కా ఇస్త్రీ చేసిచ్చి, ఏమీ తినకుండానే మటాటు వ్యాను ఎక్కాను.

పిల్లల వార్డు నుంచి నర్సు అపియో పరుగెత్తుకొచ్చింది. "ఒసే అవూర్, ఏ కంప్యూటర్లోనూ మందుల పట్టీ రావట్లేదే! ఫిట్స్ వచ్చిన పాపకి ఇందాక ఎంత మందు ఎక్కించారో చూడకుండా సూది ఎలా వెయ్యను?"

ఒడోంగో ఫోన్ చూపించాడు. "నాకు వస్తోందిగా! వార్డు కంప్యూటర్లకే తెగులు. వాటిని చూసేది ఈవిడే. ఇవాళ నీ ఉద్యోగం ఖాయం చెయ్యాలో లేదో బోర్డు తేలుస్తుంది, గుర్తుందిగా అమ్మాయ్?"

ఆ ఫోన్ లాక్కుని అపియో చేతిలో పెట్టాను. "ఇందులో చూసి సూది వెయ్యి. పరుగెత్తు!"

"ఏయ్, అది నా ఫోన్!"

నేను అప్పటికే వార్డు కంప్యూటర్ ముందున్నాను. పేరు బదులు, పట్టీలుండే మా సర్వర్ అంకెల అడ్రసు కొట్టాను. పట్టీ తెరుచుకుంది. సర్వర్ బాగుంది, తీగ బాగుంది. పేరు చెబితేనే దారి దొరకడం లేదు. ఆసుపత్రిలోని పేర్లకు అడ్రసులు చెప్పే యంత్రాన్ని రెండేళ్ల క్రితం నేనే పెట్టాను. కంప్యూటర్లు దాన్ని వదిలేసి, బయట ఇంటర్నెట్‌లో ఉన్న అలాంటి యంత్రాన్ని అడుగుతున్నాయి. అది మా గేటు బయటి అడ్రసు ఇస్తోంది. లోపలివాళ్లు ఆ అడ్రసుకి వెళితే రూటర్ తిరిగి రానివ్వదు. సొంత డేటా మీద నడిచే ఒడోంగో ఫోన్ బయటినుంచే వస్తుంది కాబట్టి దానికి అడ్డు లేదు.

మార్చిందెవరు? ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసుండే రూటర్ చిట్టా తెరిచాను. పొద్దున ఎనిమిదింపావు. ఒడోంగో లాగిన్.

"నా కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఆట ఆగి ఆగి వస్తోంటే, ఆ సెట్టింగు మారిస్తే వేగం పెరుగుతుందని ఎవరో చెప్పార్లే," అన్నాడు వెనకనుంచి, గొంతు తగ్గించి. "సరిచేసెయ్. రిపోర్టులో అవూర్ పొరపాటు అని రాయి. నీకు మొగుడు సంపాదిస్తున్నాడు. నాకు నలుగురు పిల్లలు."

ఒళ్లు మండిపోయింది. నా జీతంతో చదువుతున్న మా ఇద్దరు ఈయన లెక్కలో పిల్లలే కారు. సెట్టింగు వెనక్కి మార్చాను. వార్డు వార్డుకీ పరుగెత్తి కంప్యూటర్లన్నీ ఆపి మళ్లీ వేశాను. పట్టీలు వచ్చాయి. పాప తెరిపిన పడిందని అపియో కేకేసి చెప్పింది.

అప్పుడు రిపోర్టు రాశాను. చిట్టాలోని ఆ వరుసను ఉన్నదున్నట్టు అందులో పెట్టి, బోర్డులోని ఏడుగురికీ ఏడు ప్రతులు తీసి, బోర్డు గదివైపు నడిచాను.

"అవూర్! ఆగు! అక్కడ నీకేం పని?" ఒడోంగో నా వెనకే పరుగెత్తుకొచ్చాడు.

లోపలికి వెళ్లి, ఆయన మొహం మీదే తలుపు వేశాను.