కుడివైపు పేజీ

గోప్ నాగ్‌దేవ్ కుర్చీలో కూర్చుని పని చేయగా చూసినవాడు బొంబాయి లామింగ్టన్ రోడ్డులో ఒక్కడూ లేడు. 'పర్దా సౌదా' అనే సినిమా వ్యాపార వారపత్రికలో అతను ప్రకటనల మేనేజరు. ఇరానీ హోటలు మీద అతనికో గదీ, గదిలో తిరిగే కుర్చీ ఉన్నాయి గానీ, ఆ కుర్చీలో ఎప్పుడు చూసినా అతని గొడుగే ఉండేది. ఫోను నిలబడే చేస్తాడు. టీ నిలబడే తాగుతాడు. ఎదుటివాడు కూర్చోమన్నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మాట్లాడతాడు. కూర్చుంటే గొంతు కడుపులోకి దిగిపోతుందని అతని భయం.

ఆ గొంతే అతని ఆస్తి. ఉల్హాస్‌నగర్ శరణార్థుల క్యాంపులో ఏడో క్లాసు మధ్యలో బడి మానేసి, లోకల్ రైళ్ళలో పాపడాలు అమ్మినవాడు. అలాంటివాడు ఇవాళ కార్లలో తిరిగే నిర్మాతల చేత పేజీలకు పేజీలు కొనిపిస్తున్నాడంటే అదంతా గొంతు చలవేనని అతనూ అనుకున్నాడు, బజారూ అనుకుంది. చదువుకున్నవాళ్ళు మాత్రం అదృష్టమన్నారు. వాళ్ళకి అంతకంటే ఏం తెలుస్తుంది.

అతని గొంతు పండించిన పంటల్లో పెద్దది రూపేంద్ర పుట్టినరోజు సంచిక. వానాకాలంలో ఆ హీరో పుట్టినరోజు వచ్చే వారం, ఆయనతో సినిమాలు తీస్తున్న నిర్మాతలందరూ తలా ఒక పేజీ కొని, ఆయన బొమ్మ వేసి, కింద తమ కంపెనీ పేరుతో శుభాకాంక్షలు చెప్పాలి. పుట్టినరోజు ఒకరిది, చేతి చమురు ఇంకొకరిది, బతుకు పత్రికది. అందరికీ కుడివైపు పేజీయే కావాలి, కాగితం తిప్పగానే కన్ను పడేది అక్కడే కనుక. తమలో తమకి మాటల్లేని నిర్మాతలిద్దరు ఎదురెదురు పేజీల్లో పడకూడదు. పెళ్ళి పందిట్లో అలిగిన వియ్యంకుల్ని సర్దినట్టు గోప్ వాళ్ళని సర్దేవాడు. శనివారం పొద్దున నాజ్ బిల్డింగ్ ముందు డిస్ట్రిబ్యూటర్లు ఆ సంచికని చదివేవాళ్ళు కారు. అరచేతిలో పెట్టుకుని తూచేవాళ్ళు. బరువుంటే హీరో ఇంకా బతికున్నట్టు. తేలితే ఇక తండ్రి వేషాలే.

ఈ ఏడు ఆ బరువు మీద గోప్ సొంత బతుకు కూడా ఆధారపడింది. పత్రిక యజమాని ఫ్రామ్‌రోజ్ సేఠ్‌కి చూపు మందగించింది. చివరి పేజీ అడుగున, చీమంత అక్షరాల్లో, ప్రచురణకర్త అని వేసే పేరు ఇన్నాళ్ళూ ఆయనది. దాన్ని ఇంకెవరికైనా ఇచ్చి ఇంటి పట్టున ఉండిపోదామనుకున్నాడు. గోప్‌ని పిలిచి, పుట్టినరోజు సంచిక ఎప్పటిలా నిండితే ఆ సంచికలోనే నీ పేరు వేస్తానన్నాడు. నిండకపోతే ఇంగ్లీషు దినపత్రిక నుంచి టై కట్టుకున్న ఒకాయన సిద్ధంగా ఉన్నాడని కూడా అన్నాడు. సేఠ్ మంచివాడే, రెండో మాట తలవంచుకుని అన్నాడు.

లోకంలో అందరి పేర్లూ అచ్చు వేయించిన గోప్ పేరు ఇంతవరకూ ఎక్కడా అచ్చు కాలేదు. పెళ్ళి శుభలేఖ కూడా చేత్తో రాసిందే. గిర్‌గావ్ ప్రెస్సుకి వెళ్ళినప్పుడల్లా ఆ చివరి పేజీ అడుగు వైపు చూసి, ఎవరూ చూడట్లేదు కదా అని చూసుకుని, వచ్చేసేవాడు.

సోమవారం నుంచి తిరుగుడు మొదలుపెట్టాడు. రూపేంద్ర సినిమాలు ఈ మధ్య వరసగా బోర్లాపడిన మాట నిజమే. కానీ ఆయన ఇంతకు ముందూ పడ్డాడు, లేచాడు. అప్పుడూ పేజీలు వచ్చాయి. ఈసారి ఎక్కడికి వెళ్ళినా ఒకటే తంతు. ఒకాయన స్నానాల గదిలోంచి బయటికి రాలేదు. ఒకాయన మద్రాసు వెళ్ళాడన్నారు, ఆయన దగ్గు మాత్రం లోపలి గదిలోంచి వినిపించింది. ఓంకార్ సేఠీ అనే పంజాబీ నిర్మాత ఇంకా నయం. ఎదురుగా కూర్చోబెట్టబోయాడు, లస్సీ తెప్పించాడు, దిండు మీద ఒరిగి కళ్ళు మూసుకున్నాడు.

"గోప్ యార్, నువ్వు మాట్లాడుతుంటే వినబుద్ధేస్తుంది. మాట్లాడు. పేజీ సంగతి మాత్రం ఎత్తకు," అన్నాడు.

వాన. ఒక బస్సు దిగడం, ఇంకో బస్సు ఎక్కడం. గ్రాంట్ రోడ్డు నుంచి దాదర్, దాదర్ నుంచి మళ్ళీ గ్రాంట్ రోడ్డు. గొంతు తగ్గిందేమోనని మిరియాల కషాయం తాగాడు. మాటలు మార్చి చూశాడు. ఉన్నట్టుండి నడిరోడ్డు మీద ఆగి, ఇందాక చెప్పిన వాక్యాన్ని ఇంకోలా తిప్పి పైకే చెప్పుకునేవాడు. పక్కన పోయేవాళ్ళు తప్పుకుని నడిచేవాళ్ళు. ఇంట్లో భార్య అన్నం పెడితే కంచం పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ తిన్నాడు. ప్రెస్సు వాళ్ళు పేజీలేవని కబురు మీద కబురు పంపుతున్నారు.

బుధవారం గుజరాతీ నిర్మాత ధన్‌గౌరీ బెన్ ఆఫీసుకి వెళ్ళాడు. భర్త పోయాక కంపెనీని ఆవిడే నడుపుతోంది. రూపేంద్రతో ఎక్కువ సినిమాలు తీసింది వాళ్ళే. గోప్ కుర్చీ వీపు పట్టుకుని, హీరో దాతృత్వం దగ్గర మొదలుపెట్టి, ఆవిడ భర్తకీ హీరోకీ ఉన్న స్నేహం మీదుగా, కుడివైపు పేజీ దాకా వచ్చాడు. బెన్ తమలపాకు తొడిమ గిల్లుతూ అంతా విన్నది.

"ఈసారి కార్ఖానిస్ ఫోన్ రాలేదు కదా భాయ్," అంది.

కార్ఖానిస్ రూపేంద్ర సెక్రటరీ. అంటే మొన్న హోలీ దాకా. హీరో ఏ సినిమాకి ఏ రోజు వస్తాడో, ఆ డేట్లన్నీ అతని చేతిలో ఉండేవి. ఇప్పుడు సమర్ అనే కొత్త హీరో దగ్గర చేరాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, ఎప్పుడూ ఎవరి వెనకో నిలబడి ఉండే మనిషి. దీపావళికి మిఠాయి పంచేటప్పుడు గోప్ అతనికి చిన్న డబ్బా ఇచ్చేవాడు.

అతనెందుకు ఫోన్ చేస్తాడు, పేజీలు అడిగేది నేను కదా అన్నాడు గోప్.

బెన్ ఆకు కింద పెట్టేసింది. ఆవిడ ముఖంలో జాలి కనిపించింది. గోప్‌కి దానికే భయమేసింది.

"నీకు తెలియదా? నువ్వొచ్చే ముందు రోజు అతను ఫోన్ చేసేవాడు. రేపు గోప్ వస్తాడు, పేజీ ఇవ్వండి, ఎవరిచ్చారో సాబ్ చూసుకుంటారు అని. డేట్లు అతని చేతిలో ఉండగా ఇవ్వనని ఎవరంటారు? ప్రతి ఏడూ అంతే, అందరికీ అంతే. నువ్వొచ్చి గంట మాట్లాడేవాడివి. పాపం బాగా మాట్లాడుతున్నాడు, మధ్యలో ఆపకు అనేవారు మా ఆయన."

గోప్ కూర్చున్నాడు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. బెన్ మంచినీళ్ళు తెప్పించింది. ఆవిడ ఇంకా ఏదో చెబుతుండగానే లేచి, గొడుగు అక్కడే మర్చిపోయి మెట్లు దిగాడు.

అంధేరీ దాకా రైల్లో గుమ్మం దగ్గరే వేలాడుతూ వెళ్ళాడు. తను గెలిచిన పేజీలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఫలానావాడు కన్నీళ్ళు పెట్టుకుని ఇచ్చాడనుకున్నది, ఫలానావాడు కాదు కాదంటూ చివరికి కరిగాడనుకున్నది. కన్నీళ్ళు నిజంగానే వచ్చాయా, లేక ఆవలింత ఆపుకున్నాడా?

స్టూడియోలో సమర్ మీద పాట తీస్తున్నారు. కార్ఖానిస్ వెనకాల ఓ స్టూలు మీద కూర్చుని వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. గోప్ తడిసిన బట్టలతో వెళ్ళి ఎదురుగా నిలబడి, నాకెందుకు చెప్పలేదని మాత్రం అడిగాడు.

"చెబితే నీ గొంతులో ఆ జోరు ఉండేదా?" అన్నాడు కార్ఖానిస్, ఏమాత్రం తొణక్కుండా. "చిప్ప పట్టుకున్నవాడిలా వెళ్ళేవాడివి. నువ్వు రాజులా వెళితేనే మా సాబ్‌కి మర్యాద."

తర్వాత వేరుశనగలు నాలుగు గోప్ చేతిలో పోసి, తన మాట చెప్పాడు. సమర్ పుట్టినరోజు కూడా ఈ వారమేనట. ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు, ఇకనుంచి పట్టాలి. సంచిక సమర్‌ది చేస్తే సాయంత్రానికల్లా అందరికీ ఫోన్లు వెళతాయి. అయితే ముసలాయన బొమ్మ ఒక్కటి కూడా ఉండకూడదు, కుర్రాడికి అపశకునం.

ఫోన్లు నువ్వు చేస్తే నేను వెళ్ళి మాట్లాడేదేముంది అన్నాడు గోప్.

"మాట్లాడాలి గోప్ భాయ్. లేకపోతే ఫోన్‌కి భయపడి ఇచ్చినట్టుంటుంది. వాళ్ళూ పెద్దమనుషులే కదా."

సెట్లో పాట ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఆపారు. చివరి పేజీ అడుగున ఆ చీమంత చోటు గోప్ కళ్ళముందు ఆడింది. దాని వెనకాల, ఏటా పుట్టినరోజు ఉదయాన్నే మొదటి ప్రతి కోసం చెయ్యి చాచే రూపేంద్ర. గోప్ వేరుశనగలు నమిలి మింగాడు.

"కుడి పేజీలు ఎవరెవరికి?" అని అడిగాడు.

మర్నాడు, ఇంతకు ముందు పోయిన గుమ్మాలన్నిటికీ మళ్ళీ పోయాడు. స్నానాల గది తలుపు తెరుచుకుంది. మద్రాసు వెళ్ళినాయన తిరిగొచ్చాడు. ఓంకార్ సేఠీ మళ్ళీ లస్సీ తెప్పించి కళ్ళు మూసుకున్నాడు. గోప్ మొదలుపెట్టాడు. తన గొంతు తనకే వినిపించడం అదే మొదటిసారి. వంట పూర్తయి, వడ్డన కూడా అయిపోయాక పొయ్యి ఊదుతున్నట్టుంది. ఏమవుతుందో చూద్దామని మధ్యలో ఆగిపోయాడు.

సేఠీ ఒక కన్ను తెరిచాడు. "ఆగావేం యార్? పేజీ ఇస్తాలే. కానివ్వు, కానివ్వు."

గోప్ కానిచ్చాడు.

శనివారం సంచిక వచ్చింది. నాజ్ బిల్డింగ్ ముందు డిస్ట్రిబ్యూటర్లు తూచి, కనుబొమలు ఎగరేశారు. చివరి పేజీ అడుగున, ప్రచురణకర్త, గోప్ నాగ్‌దేవ్ అని ఉంది. వేలితో రుద్దితే సిరా అంటుకుంది. ఫ్రామ్‌రోజ్ సేఠ్ కౌగిలించుకుని, ఇప్పటికైనా కూర్చోవోయ్ అన్నాడు. గోప్ వల్ల కాలేదు. గదిలో గోడ నుంచి గోడకి నడిచాడు. ఇవాళ రూపేంద్ర పుట్టినరోజు. ఏటా మొదటి ప్రతి పట్టుకెళ్ళేది తనే. వెళితే అవమానించినట్టు, వెళ్ళకపోతే ఇంకా అవమానించినట్టు. బాంద్రా టికెట్టు కొని, అక్కడ దిగకుండా తర్వాతి స్టేషను ఖార్ దాకా పోయి, దిగి వెనక్కి నడిచాడు. దారంతా ఆయనకేం చెప్పాలో కూర్చుకున్నాడు. ప్రెస్సు తప్పనీ, సేఠ్ పట్టుదలనీ, వచ్చే వారం ప్రత్యేకంగా వేస్తామనీ.

పాలీ హిల్ బంగళా ముందు ఏటా ఈ రోజున కార్లకి చోటుండేది కాదు. ఇవాళ ఒకటే కారు, అదీ ముసుగులో ఉంది. కాపలావాడు సలాం కొట్టి, సాబ్ మీకోసమే చూస్తున్నారన్నాడు.

రూపేంద్ర పట్టు కుర్తా వేసుకుని వరండాలో కూర్చున్నాడు. పొద్దునే జుట్టుకి రంగు వేసుకున్నట్టున్నాడు, చెవి మీద మరక మిగిలిపోయింది. గోప్‌ని చూడగానే చెయ్యి చాచాడు. సంచిక తీసుకుని, తెరవకుండా, అరచేతిలో తూచాడు.

"బరువుగానే ఉందోయ్," అన్నాడు.

తర్వాత తిప్పాడు. కుడివైపు సమర్. ఎడమవైపు సమర్. మళ్ళీ కుడివైపు సమర్. ఆయన తొందరపడలేదు, ఒక్క పేజీ వదల్లేదు, కింద ఉన్న కంపెనీ పేర్లన్నీ చదివాడు. అన్నీ తను అన్నం పెట్టిన పేర్లే. చివరి పేజీకి వచ్చాక ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"నీ పేరు వేశారే," అని, లోపలికి తిరిగి, గోప్‌కి మిఠాయి తెమ్మని భార్యకి చెప్పాడు. తర్వాత సంచిక ఒళ్ళో పెట్టుకుని, వాన వైపు చూస్తూ మాట్లాడాడు.

"సమర్ సినిమాలో తండ్రి వేషం ఒకటుందట. వచ్చే వారం నా పేరున ఒక పేజీ వెయ్యి. సమర్‌కి ఆశీస్సులతో రూపేంద్ర అని. ఆలస్యమైనా ఏం ఫర్లేదు." ఆగాడు. "కుడివైపు వేస్తావా?"

"కుడివైపే వేస్తాను సాబ్," అన్నాడు గోప్.

మిఠాయి నోట్లో ఉండగానే గేటు దాటాడు. వాలు దిగుతుంటే ఒంట్లో ఏదో ఉబికింది, నవ్వో ఏడుపో తెలియలేదు. జీవితంలో ఒక్క పేజీ. ఒక్క మాటైనా మాట్లాడకుండా, ఎవరి ఫోనూ లేకుండా, వెతుక్కుంటూ తన చేతిలోకి వచ్చిన పేజీ. తనని చూసి ఇచ్చిన పేజీ.

వాలు సగం దిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి. తండ్రి వేషం ఉందని ఆయనకి ఎవరు చెప్పారు? వరండాలో కుర్చీ పక్కన ఫోను ఉంది. ఏటా ఉండేదా? కార్ఖానిస్ ఫోన్ ఏమైనా వచ్చిందా అని కాపలావాడిని అడిగితే తేలిపోతుంది. వెనక్కి తిరిగాడు. అడగడం చేతకాక మళ్ళీ కిందికి తిరిగాడు.

సందు మొదట్లో పాన్ దుకాణానికి ఎర్ర ఫోను వేలాడుతోంది. నాణెం వేసి కార్ఖానిస్ నంబరు తిప్పాడు. అవతల ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అదే పనిగా కూత. పెట్టేసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కూత. వెనకాల ఫోన్ కోసం నిలబడ్డవాడు, ఎంతసేపు భాయ్ అన్నాడు. గోప్ వినిపించుకోలేదు. చంకలోని సంచిక ఒక అంచున తడుస్తోంది. నాణెం గూట్లోంచి టక్కున కిందికి రాలింది. తీసి, అదే నాణెం మళ్ళీ వేశాడు.