నయమైన మనిషి

"నీలం చొక్కా వద్దు, తెల్లది తియ్యి. తెలుపులో వాడు కళగా ఉంటాడు," అంది అత్తగారు గుమ్మంలోంచి. కోడలు ఇస్త్రీ అయిపోయిన నీలం చొక్కాను పక్కన పెట్టి తెల్లది పరిచింది. "వాడు క్షమించమని అడిగితే ఏడ్చి రభస చెయ్యకు. సరేనని తల ఊపు చాలు. జబ్బు మనిషి మీద పంతమేంటి?"

భర్త ఉన్నది జైలు కాని జైలు, ఆసుపత్రి కాని ఆసుపత్రి. మతి స్థిమితం లేక నేరం చేశారని కోర్టు తేల్చినవాళ్ళను అక్కడ ఉంచుతారు. రెండేళ్ళ కిందట అతను ఆమె మీద మరిగే నీళ్ళు కుమ్మరించాడు. ఆ నీళ్ళలో ఆమె విషం కలుపుతోందని ఎవరో చెవిలో చెప్పారట. ఇప్పుడు నయమైందట. ఇంటికి పంపే ముందు, రోగులంతా గుండ్రంగా కూర్చుని తాము చేసిన పనుల గురించి మాట్లాడుకునే చోటికి భార్య ఒకసారి రావాలని డాక్టరమ్మ కబురు పెట్టింది.

పంతమట. బస్సులో అత్తగారి పక్కన, కిటికీ దగ్గర కూర్చుని ఆమె ఆ మాటనే నెమరేసుకుంది. పంతం పట్టడానికి తీరికెక్కడిది తనకి? మెడ నుంచి మోచేతి దాకా కాలిన చర్మం ముడతలు పడ్డాక, బట్టల కొట్టు యజమాని ఆమెను కౌంటర్ నుంచి వెనకగదిలోకి మార్చాడు. "కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారమ్మా, నీ మంచికే," అన్నాడు. అందరూ ఆమె మంచి కోరేవాళ్ళే. ఆయన నిద్రపోవడం లేదు, గోడతో మాట్లాడుతున్నారు అని మొత్తుకున్నప్పుడు, "కట్టుకున్నవాణ్ణి పిచ్చోడంటావా?" అని అత్తగారు, "కొంచెం సర్దుకుపో వదినా," అని మరిది. ఒళ్ళు కాలి మంచాన పడ్డాక అవే నోళ్ళు, "ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది కదా!"

లోపలి గదిలో కిటికీలకు ఇనుప జాలీ, గుమ్మం దగ్గర కాపలా మనిషి, కుర్చీల్లో కొందరు మగవాళ్ళు. భర్త ఒళ్ళు చేశాడు. అతను లేచి నిలబడి, బాగా వల్లెవేసిన పాఠంలా తడబడకుండా చెప్పాడు. "చేసింది నేనే. కానీ అప్పుడు నేను నేను కాదు. జబ్బు చేయించింది. నన్ను క్షమించు."

మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. "మీరేమైనా అంటారామ్మా?" అంది డాక్టరమ్మ. ఆమె తల ఊపబోయింది. ఇంతలో పక్క కుర్చీలోని లారీ డ్రైవరు, జబ్బులో సొంత తమ్ముణ్ణి చంపుకున్నవాడు, బెరుగ్గా గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాటమ్మా. జబ్బు రాకముందు ఈయనెలా ఉండేవారు? మా అందరి దిగులూ అదే. మళ్ళీ మునుపటి మనుషులం కాగలమా అని."

ఈ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మునుపు? కూరలో ఉప్పెక్కువైందని కంచం గోడకేసి కొట్టిన మనిషి. పుట్టింటివాళ్ళతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడిందని జుట్టు పట్టి ఈడ్చిన మనిషి. మర్నాడు వేళకు ఆఫీసుకెళ్ళి అందరితో జోకులేసిన మనిషి. "మగాడన్నాక ఆమాత్రం కోపం ఉండదా?" అనేది అత్తగారు. జబ్బు మొదలయ్యాకే అతను మెత్తబడ్డాడు. చీకటికి జడిసి, ఒక సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "నన్నొదిలి వెళ్ళకు," అన్నాడు. మెలితిప్పకుండా అతను ఆ చెయ్యి పట్టుకున్నది కాపురం మొత్తంలో అప్పుడొక్కసారే.

"నీళ్ళు పోసినందుకు నాకు కోపం లేదు," అంది ఆమె. "పాపం, భయంతో పోశారు. అంతకుముందు ఏళ్ళ తరబడి కొట్టినప్పుడు మాత్రం ఆయన చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. మతి శుభ్రంగా ఉండే కొట్టారు. ఇప్పుడు మళ్ళీ మునుపటి మనిషయ్యారంటున్నారు. నాకు ఆ మునుపటి మనిషంటేనే భయం డాక్టరుగారూ."

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "ఇన్నాళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నారు. ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదేం?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదెందుకు చెప్పాలండీ? అది జబ్బు కాదు కదా!"

లారీ డ్రైవరు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారు ఆత్రంగా లేచింది. "ఎప్పుడు పంపిస్తారట?"

"తెలీదు అత్తయ్యా. ఎప్పుడు పంపినా నేనుండే ఇంటికి రానివ్వను. మీరుంటానంటే ఉండండి. ఆయన మాత్రం వద్దు. లోపల డాక్టరుగారికి అదే చెప్పొచ్చాను."

గేటు దాటాక పెద్దావిడ ఆమెకు అడ్డం వచ్చింది. "నువ్వు కాదంటే వాణ్ణెవరు చూసుకుంటారే?"

ఇన్నేళ్ళూ ఇలాంటి ప్రశ్న ఎవరు వేసినా జవాబు వెతికే పని ఆమెదే. లారీలు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతున్నాయి. ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూసి, పదిలంగా రోడ్డు దాటించింది. జవాబు మాత్రం చెప్పలేదు.