రెండో తాళంచెవి

మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి కొక్కెం లారీ వచ్చి కోళ్ల ఫ్యాక్టరీ ఆవరణలోంచి ఒడెస్సా కారును లాక్కుపోయింది. విరామం గదిలో కాఫీ తాగుతున్న తోటి కార్మికురాలు వెర్నిస్ కిటికీలోంచి అంతా చూసింది. కారు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వెనక సీటు దగ్గర వేలాడదీసిన చర్చిలో పాటలు పాడేటప్పుడు వేసుకునే గౌను అటూ ఇటూ ఊగింది. రెండు నిమిషాల్లో ఆ చోటు ఖాళీ. ఆ సమయానికి ఒడెస్సా లోపల లైన్లో కోడి తొడల్లోంచి ఎముకలు తీస్తోంది. ఎవరో చెవిలో చెబితే చెయ్యెత్తి, బయటికి పోతానని అడిగింది. సూపర్‌వైజర్ ఆ చెయ్యి చూశాడు, గడియారం చూశాడు, మళ్లీ తన కాగితాల్లో తల దూర్చాడు.

వెర్నిస్ అరవగలిగేదే, కానీ అరవలేదు. లారీ గేట్లోకి వచ్చినప్పటి నుంచీ ఆమె దాన్నే చూస్తోంది. అది తన కారు దాటి ముందుకు పోగానే గుండె మీద చెయ్యి వేసుకుని, హమ్మయ్య నాది కాదు, అనుకుంది. ఆ మాట ఆమెను వారం పొడుగునా పీక్కుతింది.

అమెరికాలో, అలబామాలోని ఆ కోళ్ల ఫ్యాక్టరీ ఊరికి బస్సు లేదు. ఒడెస్సాకు యాభై ఎనిమిదేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. బుధవారం అయిదు మైళ్లు నడిచొచ్చింది, ఆలస్యం. గురువారం ఆలస్యం. శుక్రవారంతో ఆలస్యం పాయింట్లు నిండాయి, ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఊడింది.

కారు తాకట్టు పెట్టి ఆవిడ అప్పుకెందుకు పోయింది? సోకులకా? కాదు, బ్యాంకు పంపితే పోయింది. ఒక గురువారం మందులు, పెట్రోలు, బ్రెడ్డు, సబ్బు కొన్నది. శుక్రవారం ఇంటద్దె చెక్కు వెళ్లింది. బ్యాంకువాడు పెద్ద మొత్తం ముందు లాగాడు. ఖాతా అడుగంటింది. అప్పుడు తాపీగా ఆ నాలుగు చిన్న కొనుగోళ్లూ తీసి, ఒక్కోదానికి ముప్పై అయిదు డాలర్ల జరిమానా వేశాడు. నాలుగు డాలర్ల బ్రెడ్డుకు ముప్పై అయిదు! అదే బ్రెడ్డు ఫ్యాక్టరీ మేనేజరు కొంటే నాలుగు డాలర్లే, ఎందుకంటే వాడి ఖాతా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. లేనివాడి దగ్గరే పిండుకోవడం ఈ దేశంలో నేరం కాదు, వ్యాపారం.

ఆ గొయ్యి పూడ్చుకోడానికి ఫ్యాక్టరీ ఎదురుగానే ఎర్రబోర్డు కొట్టు ఉంది. కారు మనదేనన్న కాగితం తాకట్టు పెడితే ఎనిమిది వందలు చేతిలో పెడతారు. నెలనెలా రెండు వందలు వడ్డీ కట్టాలి, అసలు అలాగే ఉంటుంది. కాగితంతో పాటు కారు రెండో తాళంచెవి కూడా వాళ్లకిచ్చి రావాలి, వడ్డీ తప్పితే లారీ పంపి కారు పట్టుకుపోతారు.

వెర్నిస్ కూడా ఇచ్చి వచ్చింది. రెండు నెలలుగా వడ్డీ కట్టలేదు. ఆమె తల్లికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడు సాయంత్రాలు నలభై మైళ్ల అవతల డయాలసిస్. కారు పోతే ఉద్యోగం సంగతి తర్వాత, తల్లి బతకదు. అందుకే ఇంటి దగ్గర కారును పక్కింటి కొట్టం వెనక టార్పాలిన్ కప్పి దాచేది. ఆ ఊళ్లో సగంమంది అలాగే ఎక్కడెక్కడో దాస్తున్నారు, ఎవరికి వాళ్లు తామొక్కరమే అనుకుంటూ. కానీ ఫ్యాక్టరీలో ఎక్కడ దాస్తారు?

ఆదివారం మధ్యాహ్నం చర్చి వెనక భోజనాల హాల్లో ఒడెస్సా మీటింగు పెట్టింది. అరవైమంది దాకా వచ్చారు. బల్ల మీద పంది మాంసం, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. కోడి మాత్రం లేదు, దాని మొహం ఆదివారమైనా చూడకూడదని వాళ్ల పంతం. నల్లవాళ్లు బల్లల దగ్గర కూర్చుంటే, ఫ్యాక్టరీ పనికి వలసొచ్చిన గ్వాటెమాలా వాళ్లు గోడవార నిలబడ్డారు. సరుకు ఎక్కించే డాక్ దగ్గర బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే ఇసిద్రో వాళ్లకు మాట మాటా తమ భాషలో చెబుతున్నాడు.

"ఎర్రబోర్డు కొట్లో కారు పెట్టినోళ్లు చెయ్యెత్తండి," అంది ఒడెస్సా.

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ రొట్టెల వైపు చూశారు.

"సరే, ఎత్తొద్దు. మీ కారు తాళాలు ఈ బల్ల మీద పెట్టండి. రెండో తాళంచెవి ఇంట్లో ఉన్నోళ్లు తమది తాము తీసేసుకోండి."

తాళాలు గలగలమని పడ్డాయి. కొందరు తీసుకున్నారు. చర్చి పెద్ద, ఫ్యాక్టరీ మంచు గదిలో పనిచేసే డీకన్ హోలిస్, తనది తీసుకుని జేబులో వేసుకున్నాడు. బల్ల మీద ఇరవై తొమ్మిది మిగిలాయి. వెర్నిస్ పక్కన కూర్చున్నావిడ, నువ్వు కూడానా, అని మెల్లగా అడిగింది.

డీకన్ గొంతు సవరించుకున్నాడు. "అప్పు తీసుకున్నాక కట్టాలి. సంతకాలు పెట్టేసి ఇప్పుడు మీటింగులేంటి?"

"ఎనిమిది వందలు తీసుకున్నా డీకన్," అంది ఒడెస్సా. "పదకొండు నెలల్లో రెండువేల రెండొందలు కట్టా. ఒక్క నెల తప్పితే కారు పట్టుకుపోయారు, అసలు ఎనిమిది వందలూ ఇంకా అలాగే ఉన్నాయంటున్నారు. నేను కట్టనిదేందో నువ్వు చెప్పు."

ఒడెస్సా అప్పటికే ఎవరిదో కారెక్కి జిల్లా ఊరికి పోయి ఉచిత వకీలును కలిసొచ్చింది. కారు స్వంతదారు ఎదుటపడి వద్దంటే లారీవాడు బలవంతంగా పట్టుకుపోకూడదట, కోర్టుకు పోవాలట. అది విని హాలు ఒక్కసారి కదిలింది. ఎదుటపడేదెలా, మనం లైన్లో ఉంటాం కదా, అని ఒకతను అడిగాడు.

"అందుకేరా వాడు ఫ్యాక్టరీకే వచ్చేది," అంది ఒడెస్సా. "మనకి ఉచ్చకి పోవడానికే దిక్కులేదని వాడికి తెలుసు."

ఇసిద్రో ముందుకొచ్చాడు. "నాకు డాక్ మీంచి గేటు కనపడుద్ది. లారీ వస్తే హారన్ కొడతా, మూడుసార్లు, పొడుగ్గా. ఎవరి బండికొచ్చిందో నాకు తెలీదు, బయటికి రావడం రాకపోవడం మీ ఇష్టం."

అప్పుడు మొదలైంది వాదన. లైను వదిలితే పాయింట్లు ఎవరు మోస్తారని కొందరు, నల్లవాళ్లకోసం మేం వస్తే మాకోసం మీరొస్తారా అని గోడవార ఒకడు, రావడానికి భయమైతే కారుకు ముద్దుపెట్టి సాగనంపమని ఒక ముసలావిడ. వెర్నిస్‌ను అడిగితే, మా అమ్మను చూసుకోవాలి, అని లేచింది. ఒడెస్సా ఆమె వెనకే వాకిట్లోకి వచ్చింది. వెర్నిస్ ఆమె కళ్లలోకి చూడలేక నేల చూస్తూ చెప్పింది.

"నేను చూశా మిస్ ఒడెస్సా. లారీ వచ్చేటప్పుడే చూశా. నాది కాదని ఊరుకున్నా."

"తెలుసమ్మాయ్," అంది ఒడెస్సా. "నిరుడు వేరేవాళ్లది పోతుంటే నేనూ ఆ కిటికీ దగ్గరే కాఫీ తాగుతూ నిలబడ్డా."

ఆ తర్వాతి శుక్రవారం పది గంటలకు డాక్ మీద హారన్ మోగింది. పొడుగ్గా ఒకటి. రెండు. మూడు.

కత్తులు ఆగాయి. కోళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. కదిలినవాళ్లు నేరుగా ఇంటికేనని సూపర్‌వైజర్ కేకేశాడు. ఎవరిదై ఉంటుంది, అన్న ప్రశ్న వెర్నిస్ గొంతు దాకా వచ్చింది. వెంటనే ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. కత్తి బల్ల మీద పెట్టి, చేతి తొడుగులు విప్పి నడిచింది. వెనక రబ్బరు బూట్ల చప్పుడు వినిపించింది. తిరిగి చూడకుండానే అది ఇద్దరు ముగ్గురి చప్పుడు కాదని తెలిసింది. మనుషుల్లేని లైను మీద తొడలు కుప్పపడి కింద రాలుతున్నాయి.

బయట ఆకుపచ్చ పికప్ బండికి కొక్కెం తగిలించి ఉంది. అది డీకన్ హోలిస్‌ది. ఆదివారం బల్ల మీంచి తాళం తీసేసుకున్న మనిషిది. లారీ డ్రైవరు చేతిలో దాని రెండో తాళంచెవి మెరుస్తోంది.

"ఓనరు లేకుండా మీరెవరు ఆపడానికి? బండికి డెబ్బై డాలర్లు నాకు. నాకూ పిల్లలున్నారు, జరగండి," అన్నాడు డ్రైవరు.

డీకన్ లోపల మంచు గదిలో ఉన్నాడు, ఇంకా రాలేదు. లారీ స్టార్టయింది. వెర్నిస్ ఇంకేమీ ఆలోచించలేదు. వెనకనుంచి ఎక్కి, కొక్కెం మీది ఇనుప చెయ్యిని కావలించుకుని కూర్చుంది. తెల్లకోట్లు, రక్తపు మరకలు, జుట్టు వలలు, నూటముప్పై మంది లారీ చుట్టూ నిలబడ్డారు. మేనేజరు పిలిపించిన పోలీసు కారు వచ్చింది. దిగమన్నారు. దిగలేదు.

గుంపు చీలింది. డీకన్ వచ్చాడు. అంతమంది ముందు అతని మొహం సిగ్గుతో నల్లబడింది. ఆ నిమిషంలో అతను వెనక్కి పోతాడనే వెర్నిస్ భయపడింది.

"అది నా బండే," అన్నాడు. తర్వాత ఇంకా నెమ్మదిగా, "తీసుకుపోవద్దు. నేను వద్దంటున్నా."

డ్రైవరు పోలీసు వైపు చూశాడు. పోలీసు అతని కాగితం తిరగేసి, కోర్టు ఆర్డరు లేదని తల అడ్డంగా ఊపాడు. కొక్కెం కిందికి దిగింది. పికప్ చక్రాలు నేలను తాకాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చాలామంది ఏడ్చారు.

పోలీసుకు మాత్రం పట్టుకుపోవడానికి ఎవరో ఒకరు కావాలి. వెర్నిస్ చేతులకు సంకెళ్లు వేశారు. ఆమె డీకన్‌ను పిలిచి జేబు చూపించింది.

"నాలుగింటికి మా అమ్మను డయాలసిస్‌కి దింపాలి. తాళంచెవి ఇదొక్కటే ఉంది, పారేయకు."

డీకన్ దాన్ని తీసి గుప్పిట్లో బిగించాడు. "నా దగ్గరా ఒకటేనమ్మా. ఆ రోజు అబద్ధమాడా. మీ అమ్మ నా బాధ్యత, నువ్వు పో."

పోలీసు కారు వెనక సీట్లోంచి వెర్నిస్ చూస్తూనే ఉంది. లైన్లోకి పొమ్మని మేనేజరు అరుస్తున్నాడు. అంతలో డాక్ మీద మళ్లీ మూడు హారన్లు మోగాయి. గేట్లోకి ఇంకో కొక్కెం లారీ వస్తోంది. కార్ల వరసలు పొడుగ్గా ఉన్నాయి, అది ఎవరి కారుకోసం వస్తోందో ఎవరికీ తెలియదు. ఒక్కరూ అడగలేదు. అందరూ అటు నడిచారు.