పద్నాలుగో పేజీలో తప్పు

నేను పిల్లల బొమ్మల పుస్తకాలకు మాటలు రాస్తాను. బొమ్మలు వేసేది వేరొకరు. అది ఎవరో ప్రచురణ సంస్థే చూసుకుంటుంది. రాసేవాళ్ళూ గీసేవాళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదన్నది మా పనిలో కట్టుబాటు. ఏం చెప్పాలన్నా మధ్యలో ఉన్న సంపాదకురాలికే చెప్పాలి. కొత్తగా రాసేవాళ్ళయితే కాగితం అంచుల్లో "ఇక్కడ పిల్లి ఉండాలి, ఇక్కడ అమ్మ నవ్వాలి" అని సలహాలు రాసి పంపించి నవ్వులపాలవుతారు. తొమ్మిదేళ్ళ నుంచి రాస్తున్నదాన్ని, నేనెందుకు రాస్తాను? ఈ కొత్త పుస్తకానికి కూడా పన్నెండు వాక్యాలు తప్ప ఒక్క ముక్క ఎక్కువ రాయలేదు. ఆ గొప్పే నా కొంప ముంచింది.

ఆ పన్నెండు వాక్యాల్లో ఉన్నది నేనూ, నా కూతురు బ్రిటా. దానికి నాలుగేళ్ళప్పుడు మా ఊరు డులూత్‌లో మోకాలు దాటి మంచు పడింది. గుమ్మం నుంచి రోడ్డు దాకా వెళ్ళాలంటే ముందు పెద్దవాళ్ళు తొక్కి గుంట చెయ్యాలి, ఆ గుంటలో పిల్లలు కాలు పెట్టాలి. "ముందు నేను వెళ్తాను. నా అడుగులో అడుగు వేసుకుంటూ నువ్వు రా." పుస్తకం అలా మొదలవుతుంది. ఇన్నేళ్ళలో నా సొంత బతుకులోంచి తీసి రాసింది ఇదొక్కటే.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, న్యూయార్క్ నుంచి మా సంపాదకురాలు మారియన్ పెన్సిల్ బొమ్మలు పంపింది. ఆత్రంగా కంప్యూటర్‌లో తెరిచాను. మంచులో ముందు నడుస్తున్నది ఎవరో మగవాడు. చెవులు కప్పే టోపీ, గుబురు గడ్డం, ఇంతేసి భుజాలు. తల్లి లేదు. ముప్పై రెండు పేజీలూ వెతికాను. కనీసం కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కూడా లేదు.

బడి నుంచి వచ్చిన బ్రిటా నా భుజం మీదుగా తొంగి చూసింది. ఇప్పుడు దానికి ఏడేళ్ళు.

"నాన్న బొమ్మ ఎవరు వేశారు?"

"అది మీ నాన్న కాదు."

"నాన్నే. గడ్డం చూడు."

"ఇది నేను రాసిన కథ, బ్రిటా."

"అయితే నాన్న గురించి రాశావన్నమాట. మంచిదానివి అమ్మా," అంటూ నా బుగ్గ మీద ముద్దు పెట్టింది.

ఆ ముద్దు నాకు కాదు, వాళ్ళ నాన్న లైల్‌కి. మేం విడిపోయి రెండేళ్ళయింది. అతను కౌంటీ రోడ్ల మీద మంచు తోసే ట్రక్కు నడుపుతాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి పిల్లని తీసుకెళ్ళి ఆదివారం దింపుతాడు. జ్వరాలు నావి, పళ్ళ డాక్టరు నావి, తలలో పేలు నావి. పాన్‌కేకులూ, ట్రక్కులో షికార్లూ అతనివి. ఆ రెండు రోజుల కబుర్లే నాకు వారమంతా వినిపిస్తాయి. నాకు కుళ్ళు. ఉందని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పుస్తకం ఒక్కటి నాది అనుకున్నాను. చివరికి దాంట్లోకి కూడా బూట్లు వేసుకుని వచ్చేశాడు.

మారియన్‌కి ఫోన్ చేశాను.

"తండ్రిని ఎందుకు పెట్టారు?"

"ఎందుకు పెట్టకూడదు? బొమ్మలు వేసిన వెర్నా నీ వాక్యాలు చదువుతుంటే ఆవిడకి వాళ్ళ నాన్న కనబడ్డాడట. ఇక్కడ ఆఫీసులో చూసి ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు."

"ఆ వెర్నా ఉండేదెక్కడ?"

"న్యూమెక్సికోలో."

"ఎడారిలో కూర్చుని మంచు గీసిందా ఆవిడ?"

"సోల్వే, నీకు నేను చెప్పాలా? నచ్చలేదంటే మార్చం. తప్పు ఉంటే చెప్పు, దిద్దిస్తాను. సోమవారం లోపల."

తప్పంటే మా లెక్కలో నిజమైన తప్పు. చలికాలంలో పచ్చటి ఆకులు గీస్తే తప్పు. నా కడుపు మండితే అది తప్పు కాదు. మళ్ళీ మొదటి పేజీ నుంచి చూడడం మొదలుపెట్టాను. టోపీ కుట్లు, బూట్ల లేసులు, కంచె కర్రలు, అన్నీ చూశాను. ఆ ఎడారి మనిషి అంతా శుభ్రంగా గీసి చచ్చింది.

అయిదింటికి లైల్ వచ్చాడు. బ్రిటా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కంప్యూటర్ ముందు నిలబెట్టింది. చూసి నవ్వాడు.

"పొట్ట కొంచెం తగ్గించమను."

"అది నువ్వు కాదు."

"నేనని నేనన్నానా? నీ కూతురంటోంది." ఇంకో రెండు పేజీలు తిప్పాడు. ఈసారి నవ్వలేదు. "కానీ ఆ అడుగులు నావే కదా, సోల్వే."

"ఏ అడుగులు?"

"ఆ చలికాలం పొద్దున్నే నాలుగున్నరకి ట్రక్కు ఎక్కేవాణ్ణి. గుమ్మం నుంచి రోడ్డు దాకా మంచు తొక్కింది నేను. మీరు ఏడున్నరకి ఆ గుంటల్లోంచే వచ్చేవాళ్ళు."

"తొక్కింది నేను."

"నీ ఆ పొట్టి బూట్లతోనా?"

గట్టిగా ఏదో అనబోయాను. అంతలో గుర్తొచ్చింది. నేను తలుపు తీసేసరికి ఆ గుంటలు అక్కడే ఉండేవి. విడాకులప్పుడు అతని సామానుతో పాటు ఆ అడుగులు కూడా తీసి బయట పారేసినట్టున్నాను. తర్వాత కూర్చుని అవి నావని రాసుకున్నాను. వెర్నా ఏమీ తెలియకుండానే ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. మంచు తొక్కింది అతనైతే, పుస్తకం అతనిదైతే, నా బిడ్డ నాలుగో ఏట నేను అసలు ఉన్నట్టేనా?

"అయితే నేనెక్కడున్నాను?" పైకే అనేశాను. ఎవరినీ అడగలేదు.

గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న బ్రిటా తలెత్తకుండా జవాబు చెప్పింది.

"నా వెనక."

"వెనకేం చేసేదాన్ని?"

"నాన్న అడుగులు దూరం దూరం కదా. నా కాలు అందేది కాదు. నువ్వు నా చంకల కింద చేతులు పెట్టి, ఎత్తి, ఇంకో గుంటలో పెట్టేదానివి. నీ పచ్చ చేతి తొడుగులు ఉన్నివి, గుచ్చుకునేవి."

"ప్రతి గుంటకీనా?"

"ప్రతి గుంటకీ. హుప్ అనేదానివి. మర్చిపోయావా?"

లైల్ చేతిలో కారు తాళాలు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇది నాకు తెలీదు," అన్నాడు మెల్లిగా.

ఎలా తెలుస్తుంది? అప్పటికి ట్రక్కులో ఎక్కడో ఉండేవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూశాను. రెండేళ్ళుగా అద్దంలో నేను చూసుకుంటున్న మొహమే. నాకు హాయిగా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

వాళ్ళ కారు మలుపు తిరిగాక మళ్ళీ బొమ్మల ముందు కూర్చున్నాను. పద్నాలుగో పేజీలో పిల్ల తండ్రి అడుగు నుంచి అడుగుకి ఒక్కతే గెంతుతూ వెళ్తోంది. మారియన్‌కి ఫోన్ చేశాను. ఆఫీసులోంచి బయల్దేరబోతూ ఎత్తింది.

"పద్నాలుగో పేజీలో తప్పుంది," అన్నాను.

"ఇష్టం లేకపోవడమా, తప్పా?"

"తప్పే. ఆరడుగుల మగవాడు మంచులో వేసే అడుగు నాలుగేళ్ళ పిల్లకి అందదు. గెంతితే బోర్లా పడుతుంది. ఎడారిలో ఉన్నావిడకి అది తెలిసే వీలు లేదు."

"సరే, అడుగులు దగ్గర దగ్గరగా వేయిస్తాను."

"వద్దు. ఆ అడుగులు అలాగే ఉండనివ్వండి. నిజంగానే అంత దూరం ఉండేవి. పిల్లని వెనక నుంచి ఒకరు ఎత్తి పెట్టాలి."

"వెనక ఎవరు?"

"మనిషి అక్కర్లేదు. పేజీ అంచులోంచి రెండు చేతులు, చంకల కింద. అవి చాలు." తెర మీద పిల్ల వెనకున్న ఖాళీలో వేలు పెట్టాను. "ఆ చేతులకి పచ్చ ఉన్ని తొడుగులు."

అవతల కాసేపు కలం చప్పుడు వినబడి ఆగింది.

"సోల్వే, రంగు చెప్పడం మన పని కాదని నీకు తెలుసు."

"తెలుసు," అన్నాను. "పచ్చ అని రాసుకోండి."