పాటలో మగాడు

మొగుడు వెర్లిన్ వేదిక మీద వేసుకునే చొక్కాను ఒలీటా ఇస్త్రీ చేస్తుండగా పక్కగదిలోంచి అత్తగారి మాట వినిపించింది.

"ఊరంతా నీ పెళ్లాం నీ గురించే పాడుతోందనుకుంటున్నారు. మరి పాటలో ఆ కంటి కింద పుట్టుమచ్చ ఎవడిదిరా? నిన్ను కన్నదాన్ని, నీకు లేదని నాకు తెలీదూ?"

ఒలీటా చేయి ఆగిపోయింది. పాటలు కట్టేది తను, పేరు వేసుకునేది వెర్లిన్. పగలంతా వంట, అత్తగారి చాకిరీ. సాయంత్రాలు అతని గిటారు పక్కన నిలబడి గొంతెత్తడం. ఆ కెంటకీ కొండల్లో ఆమె పాట విని కన్నీళ్లు పెట్టని మనిషి లేడు. "నేను పటాలంలో ఉన్నప్పుడు నాకోసం కుమిలిందిరా పిచ్చిది!" అని వెర్లిన్ అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఇప్పుడొచ్చి జుట్టు పట్టుకున్నాడు. "ఎవడే వాడు?"

"ఎవరూ లేరు. పాట కోసం అల్లాను."

చెంప పగిలింది. అతనికి అప్పుడే ఒక ముఖం గుర్తొచ్చింది: దాణా కొట్టు హోయ్ట్. కంటి కింద మచ్చ. ఒకసారి కోళ్ల దాణా బస్తా ఒలీటా బండిలోకి ఎత్తిపెట్టాడు, అంతే. వెర్లిన్ ఆమెను ట్రక్కులోకి తోసి కొట్టు ముందు ఆపాడు. దిగుతూనే చేతిలో ఇనుప రాడ్డు.

మొదటి దెబ్బకే హోయ్ట్ బస్తాల మీద కూలాడు. "అన్నా, నేనేం చేశాను?" నోట్లోంచి రక్తం. అతని భార్య నాడీన్ కేకలు పెడుతోంది. కొనుక్కోవడానికొచ్చిన మగాళ్లు గోడవారగా జరిగారు. పెళ్లాం వ్యవహారం, మనకెందుకు అన్నట్టు.

రాడ్డు మళ్లీ లేచింది. ఒలీటాకి పొగాకు కొట్టం గుర్తొచ్చింది. పక్కన కూర్చుని ఆకు గుచ్చుతూ తనతో గొంతు కలిపిన, కంటి కింద పుట్టుమచ్చున్న ఇడెల్లా. కన్నతండ్రే తమ సంగతి కనిపెట్టి, చావబాది బస్సెక్కించేస్తే, మళ్లీ కబురే లేని ఇడెల్లా. ఆ ఏడుపంతా పాటలో దాచుకుని బతికింది తను. ఇప్పుడా దాపరికానికి ఒక అమాయకుడు చచ్చేలా ఉన్నాడు.

అడ్డం దూకింది. దెబ్బ ఆమె ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"వీడు కాదు! నా పాటలో మగాడే లేడు. అది ఇడెల్లా. నేను ప్రేమించింది ఇడెల్లాని!"

వెర్లిన్ నోరు తెరిచాడు. "ఆడదాన్నా?"

అతను తేరుకునేలోగా నాడీన్ రాడ్డు లాగేసుకుని అతని మోకాలి మీద కొట్టింది. గావుకేక పెట్టి పడ్డాడు. ఇప్పుడు కదిలారు మగాళ్లు, అతన్ని లేవదీయడానికి.

నాడీన్ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, రొప్పుతూ అడిగింది. "ఇంక నిన్నెవరు పాడనిస్తారే తల్లీ?"

ఒలీటా విరిగిన చేతిని గుండెకి అదుముకుంది.

"ఇన్నాళ్లూ 'వెళ్లిపోయాడు' అని పాడాను. ఇక నుంచి 'వెళ్లిపోయింది' అని పాడతాను."