పొగమంచులో గోల్

కాలేజీ జట్ల మధ్య జరుగుతున్న ఆ ఫుట్‌బాల్ మ్యాచ్ రిఫరీగా ఆమెకు ఆఖరి పరీక్ష. శిక్షణ ఇచ్చిన మాస్టారే మైదానం పక్క మెట్ల మీద కూర్చుని, కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తున్నాడు.

రెండో సగంలో పొగమంచు దిగింది. మొదట చెట్లు మాయమయ్యాయి, తర్వాత గోల్ స్తంభాలు. ఆటగాళ్లు నీళ్లలోంచి వచ్చినట్టు తేలి వచ్చి, మళ్లీ ఆ తెలుపులో కలిసిపోతున్నారు. ఆట ఆపుదామని ఆమె ఈల నోట పెట్టుకునేలోపే "గోల్!" అని కేక వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి బంతి గోల్‌కీపర్ చేతుల్లో ఉంది.

"గీత దాటింది మేడమ్!"

"లేదు, దాటలేదు!"

రెండు జట్లూ ఆమెను చుట్టుముట్టాయి. లైన్ దగ్గరి సహాయకుడు తనకూ కనబడలేదన్నాడు.

"నేను చూడలేదు. చూడనిది ఇవ్వలేను," అంది.

గోల్‌కీపర్ బంతి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "దాటింది మేడమ్. నేనే వెనక్కి లాగాను."

"నీకేమైనా పిచ్చా?" అని అతని కెప్టెన్ అరిచాడు.

ఆమె మధ్య గీతవైపు చెయ్యి చూపి గోల్ ఇచ్చింది.

ఆట ముగిశాక మాస్టారు నవ్వాడు. "నాకు తెల్లగోడ తప్ప ఏమీ కనబడలేదమ్మా. ఏం చూసి మార్కులెయ్యను?"

ఆమె జరిగిందంతా చెప్పింది.

"చూడలేదని అందరి ముందూ అన్నావా?"

"అన్నానండీ."

"ఆ ముక్క అనడానికి నాకు సగం జీవితం పట్టింది. పాసయ్యావు, పో!"

ఆమె కదల్లేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, మంచులో ఎక్కడో రెండు జట్ల పిల్లలూ నవ్వుకుంటూ వెళ్లిపోవడం విన్నారు.